కత్తి పదును తగ్గించిందెవరు?

వేసవి సెలవులకు తిరువూరు వచ్చిన మా మేనల్లుడు ఓ మధ్యాహ్నం లాప్‌టాప్ చంకన పెట్టుకుని నా గదిలోకొచ్చాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

“మావయ్యా, నా కత్తి మొద్దుబారిపోయింది.”

కత్తి అంటే వంటింట్లోది కాదు, ఆటలోది. ఆట పేరు స్కైరిమ్. బెథెస్డా అనే అమెరికన్ సంస్థ 2011 నవంబరు 11న విడుదల చేసింది. మంచు కొండలు, డ్రాగన్లు, పాడుబడ్డ కోటలు, ఊళ్లూ సంతలూ ఉన్న పెద్ద లోకం. ఇన్నేళ్లయినా జనం దాన్ని వదలకపోవడానికి ఓ కారణముంది. ఆడేవాళ్లే దాన్ని మార్చుకోవచ్చు. ఆ మార్పుల పొట్లాలను మోడ్‌లంటారు. ఒకరు వానను మారుస్తారు, ఒకరు కొత్త ఊరు కడతారు, ఒకరు పాత కత్తికి పదును పెడతారు.

మావాడు రెండు మోడ్‌లు ఎక్కించాడు. ఆటలో ఇనుప కత్తి మూల విలువలు ఇవి: దెబ్బ 7, బరువు 9, ధర 25. మొదటి మోడ్ దెబ్బను 9 చేస్తుంది. రెండోది ధరను 40 చేస్తుంది. దెబ్బకీ ధరకీ పొత్తు లేదు కాబట్టి రెండూ పనిచేయాలి. తీరా చూస్తే ధర 40 అయింది, దెబ్బ మాత్రం మళ్లీ 7 దగ్గరికొచ్చి కూర్చుంది.

“రెండో మోడ్ రాసినాయన దెబ్బ జోలికే పోలేదు మావయ్యా. మరి తగ్గించిందెవరు?”

నాకు ఆటలు రావు. పద్దులూ జాబితాలూ తిరగెయ్యడం మాత్రం వచ్చు. ఆ మాట వినగానే ఇది కత్తి కథ కాదు, చీటీ కథ అనిపించింది.

పెళ్లి సరుకుల చీటీ తెలుసు కదా. అమ్మమ్మ ఒకటి రాస్తుంది: కందిపప్పు 7 కిలోలు, బెల్లం 9, నెయ్యి 25. దానికి రెండు నకళ్లు తీస్తారు. పెద్దమ్మ తన నకలులో కందిపప్పును 9 చేస్తుంది. బాబాయి తన నకలులో నెయ్యిని 40 చేస్తాడు. బాబాయి కందిపప్పును ముట్టుకోలేదు. కానీ ఆయన నకలులో పాత 7 అలాగే ఉంది. కొట్టుకు చివరగా చేరింది ఆయన చీటీ. కొట్టతను చివరి చీటీనే చూస్తాడు. పెద్దమ్మ దిద్దుబాటు గాల్లో కలిసిపోయింది. ఎవరూ తగ్గించలేదు, ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, అయినా కందిపప్పు 7 కిలోలే వచ్చింది.

స్కైరిమ్ చాలావరకు ఇలాగే నడుస్తుంది. ఒక వస్తువు వివరాలన్నీ కలిపి ఒక రికార్డు. రెండు మోడ్‌లు ఒకే రికార్డును తిరగరాస్తే, చివరగా ఎక్కినదాని రికార్డు మొత్తంగా గెలుస్తుంది. గళ్లు కలుపుకోవడం, రాజీ కుదర్చడం ఉండదు.

రహస్యం తెలిసిపోయింది కదా, ఇంక అధ్యాయం దేనికని మీరడగొచ్చు. కారణం తెలిసినంత మాత్రాన చోటు దొరకదు. మావాడి ఆటలో రెండు మోడ్‌లు కాదు, అరవై పైచిలుకు ఉన్నాయి. ఆట మూల ఫైలు ఒక్కటే 200 మెగాబైట్లు దాటుతుంది. అందులో రికార్డులు లక్షల్లో ఉంటాయి. కత్తి సంగతి కంటికి కనబడింది గనక తెలిసింది. కనబడకుండా ఇంకెన్ని చీటీలు ఒకదాన్నొకటి మింగాయో ఎలా తెలుస్తుంది?

లక్షల రికార్డులుంటే ఒక్కోదానికీ గుర్తు కావాలి. తపాలా శాఖ 1972 ఆగస్టు 15 నుంచి పిన్‌కోడ్ వాడుతోంది. మా తిరువూరుది 521235. మొదటి అంకె 5 దక్షిణాదిలో మన ప్రాంతాన్ని, మొదటి మూడూ కలిపి ఉత్తరాలు వేరుచేసే జిల్లాను, చివరి మూడు బట్వాడా చేసే పోస్టాఫీసును చెబుతాయి. ఉత్తరం ఏ మూలనుంచి బయల్దేరినా ఎడమనుంచి కుడికి అంకెలు చదువుతూ పోతే మా ఊరి పోస్టాఫీసు చేరుతుంది.

స్కైరిమ్‌లో ప్రతి రికార్డుకూ ఇలాంటి ఎనిమిది అంకెల గుర్తు ఉంటుంది. దాన్ని ఫారమ్ ఐడీ అంటారు. ఇనుప కత్తిది 00012ఈబీ7. మధ్యలో అక్షరాలెందుకొచ్చాయంటే, ఇక్కడ అంకెలు పది కాదు, పదహారు. తొమ్మిది తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా వెళ్లి అప్పుడు పది మొదలవుతుంది. ఎడమవైపు మొదటి రెండంకెలు ఆ రికార్డు పుట్టిన ఫైలు వరస సంఖ్య. మూల ఫైలుది 00. మిగతా ఆరు ఆ ఫైలులో రికార్డు సంఖ్య. ఆరు చోట్లు, చోటుకి పదహారు అంకెలు, అంటే 1 కోటి 67 లక్షల 77 వేల 216 రికార్డులకు చోటుంది. ఆటలో డబ్బు నాణేనిది 0000000ఎఫ్, ఆటగాడిది 00000014. ముందు పుట్టినవాళ్లకు చిన్న నంబర్లు.

గుర్తుతో పాటు రకం కూడా ఉంటుంది, నాలుగే అక్షరాల్లో. ఆయుధాలకు ఒకటి, కవచాలకు ఒకటి, మనుషులకు, పుస్తకాలకు, గదులకు, సంభాషణలకు తలా ఒకటి. ఫైలులో ప్రతి రికార్డుకూ ముందు 24 బైట్ల తల ఉంటుంది. రకం, పొడవు, ఫారమ్ ఐడీ అందులోనే ఉంటాయి. లోపలి సరుకు విప్పకుండానే బస్తా మీద చీటీ చదివినట్టు చదవొచ్చు. పైగా ఒకే రకం రికార్డులన్నీ ఒకే గుంపుగా పేర్చి ఉంటాయి. మా వైపు మామిడి తోటల్లో రసాలొక గుట్ట, బంగినపల్లి ఒక గుట్ట, కలెక్టరు ఒక గుట్ట పోస్తారే, అలాగ.

ఈ గుట్టల్లో తిరగడానికి అభిమానులే ఒక పనిముట్టు తయారు చేసుకున్నారు. దాని పేరు ఎక్స్‌ఎడిట్. ఎల్మిన్‌స్టర్ ఏయూ అనే మారుపేరుతో తెలిసిన ప్రోగ్రామర్ డెల్ఫీ భాషలో మొదలుపెట్టాడు. స్కైరిమ్ ఒక్కదానికే కాదు, ఆ సంస్థ ఇతర ఆటలకూ పనిచేస్తుంది. ప్రోగ్రామ్ ఫైలు పేరు మారిస్తే చాలు, తనంతట తానే ఇంకో ఆట పనిముట్టుగా మారిపోతుంది. పేరు మార్చుకుంటే రాత మారుతుందని నమ్మేవాళ్లకు ఇంతకంటే రుజువేం కావాలి!

ఎక్స్‌ఎడిట్ తెరవగానే ఎడమ పక్క చెట్టులా పరుచుకుంటుంది: ఫైలు, దాని కింద రకం, దాని కింద రికార్డులు. మావాడు అందులో కత్తిని వెతకడానికి ఒక్కో కొమ్మా విప్పుకుంటూ పోయి పావుగంటకు విసిగిపోయాడు. నేను కుడి బటన్ నొక్కించి ఫిల్టర్ పెట్టే మెనూ తెరిపించాను. తెర నిండా గళ్లు, టిక్కు పెట్టే చదరాలు. ఏ రకం రికార్డు? ఎడిటర్ పెట్టిన పేరులో ఏ ముక్క ఉండాలి? ఆటగాడికి కనబడే పేరులో ఏ ముక్క? ఒకదానితో ఒకటి పేచీ పడుతున్నవి మాత్రమేనా?

“ఇంత పెద్ద ఫారమా!” అన్నాడు వాడు.

ఫారం కాదు, ప్రశ్న. ఈ అధ్యాయంలో నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే, దీన్ని కాస్త నిదానంగా చెబుతాను.

ఫిల్టర్‌ను మనం వడపోత అంటున్నాం. నాకు ఆ మాట మీద ఫిర్యాదుంది. కాఫీ వడపోస్తే పిప్పి పైన మిగులుతుంది, డికాషన్ కిందికి దిగుతుంది. రెండూ వేరైపోతాయి. జల్లెడ పట్టినా, చేటతో చెరిగినా, గాలికెదురుగా తూర్పారబట్టినా అంతే. పొల్లు ఎగిరిపోతుంది, మళ్లీ గింజతో కలవదు. కంప్యూటర్‌లో రికార్డుల ఫిల్టర్ ఏదీ వేరు చెయ్యదు. అది మీ కంటికి గంతలాంటిది. గుర్రపు బండి వాడు గుర్రం కళ్లకు పక్కల తోలు ముక్కలు కడతాడు. రోడ్డు పక్క గడ్డి మాయం కాదు, గుర్రానికి కనబడదంతే. ఎక్సెల్‌లోనైతే దీనికి గరాటు బొమ్మ కూడా పెట్టారు. గరాటు దేన్నీ ఆపదని ఆ బొమ్మ గీసినవాళ్లకు ఎవరైనా చెబితే బాగుండును.

ఫిల్టర్ చేసే పని చాలా చిన్నది. ఒక్కో రికార్డు దగ్గరికీ వెళ్లి ఒక ప్రశ్న అడుగుతుంది. అవునంటే చూపుతుంది, కాదంటే దాస్తుంది. జవాబులు అవును, కాదు అని రెండే ఉంటే వాటితో లెక్కలు కట్టొచ్చని 1854లో జార్జ్ బూల్ అనే ఇంగ్లిష్ గణితజ్ఞుడు పుస్తకం రాశాడు. ఆయన ఆ పని చేసేనాటికి కంప్యూటర్ లేదు. ఇవాళ మనం పెట్టే ప్రతి టిక్కు వెనకా ఆయన బీజగణితమే ఉంది.

అయితే ఆ లెక్కకూ మన తెలుగుకూ ఒక చోట పేచీ వస్తుంది. “తిరువూరులోనూ విస్సన్నపేటలోనూ ఉన్న రైతుల పేర్లు చూపించు” అన్నామనుకోండి. మన ఉద్దేశంలో రెండు మండలాల రైతులూ రావాలి. ఇదే వాక్యాన్ని “మండలం తిరువూరు, ఇంకా మండలం విస్సన్నపేట” అని రెండు షరతులుగా ఫిల్టర్‌కు అప్పగిస్తే ఒక్క పేరూ రాదు. అది ఒక్కొక్క రికార్డునూ అడుగుతుంది: నీ మండలం తిరువూరేనా? అవును. విస్సన్నపేట కూడానా? కాదు. అయితే దాక్కో. ఒక గడిలో ఒక మండలమే ఉంటుంది గనక రెండు షరతులకూ తలూపే రికార్డు పుట్టదు. మనం “నూ” అన్నది గుంపుల్ని కలపడానికి. యంత్రం విన్నది షరతుల్ని కలపడానికి. ఇక్కడ కావలసింది “లేదా”. మనిషి మాటలో “నూ” ఉన్నచోట యంత్రానికి “లేదా” చెప్పాల్సి రావడం తమాషాగా ఉంటుంది గానీ, సున్నా ఫలితాలు వచ్చినప్పుడు నేను మొదట అనుమానించేది దీన్నే.

మంచి పనిముట్లు ఈ చిక్కును ఓ పద్ధతితో తప్పిస్తాయి. ఒకే గడిలో ఎన్ని టిక్కులు పెట్టినా వాటిమధ్య “లేదా”. వేర్వేరు గళ్ల మధ్య “ఇంకా”. ఎక్స్‌ఎడిట్‌లో ఆయుధం, కవచం రెండింటికీ టిక్కు పెట్టి, పేరు గడిలో ఇనుము అని రాస్తే, ఇనుప ఆయుధాలూ ఇనుప కవచాలూ వస్తాయి. ఫోను కొనడానికి వెళ్లి రెండు కంపెనీలకూ ఒక ధరకూ టిక్కు పెట్టినప్పుడు జరిగేదీ ఇదే.

ఈ ఆలోచనకు పెద్దదిక్కు మన పక్కింటివాడే. తంజావూరు జిల్లా శియాళిలో పుట్టిన ఎస్.ఆర్. రంగనాథన్ మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని నడుపుతూ 1933లో కోలన్ వర్గీకరణ అనే పద్ధతి ప్రచురించాడు. అప్పటిదాకా పుస్తకానికి ఒక్క కొమ్మ మీదే చోటు. మామిడి తెగుళ్ల మీద పుస్తకం వ్యవసాయం కొమ్మ మీద ఉండాలా, కీటకాల కొమ్మ మీద ఉండాలా అని తగువు. రంగనాథన్ కొమ్మను పక్కనబెట్టి ముఖాలు అన్నాడు. ప్రతి విషయానికీ ఐదు వైపులుంటాయి: అసలు వస్తువు, అది దేంతో అయింది, దానిమీద జరిగే పని, చోటు, కాలం. ఒక్కో వైపు నుంచి ఒక్కో ముక్క తీసి కలుపుకుంటే చాలు. ఆయనకీ ఊహ 1924లో లండన్‌లో ఒక పెద్ద దుకాణంలో మెకానో బొమ్మల పెట్టె చూసినప్పుడు తట్టింది. అవే ముక్కలతో ఒకసారి క్రేన్, ఇంకోసారి బండి. ఆటవస్తువు నుంచి గ్రంథాలయానికి, అక్కణ్నుంచి అంగడి ఫిల్టర్‌లకు, తిరిగి ఆటల పనిముట్టుకు. ఊహలు కూడా ఇల్లు చేరుతుంటాయి.

కంప్యూటర్‌కు ముందు నిజంగా వేరుచేసే వడపోత ఒకటుండేది, దాన్ని చూస్తే తేడా బాగా తెలుస్తుంది. అట్టముక్కల అంచుల వెంట వరసగా చిల్లులుంటాయి. ఒక్కో చిల్లు ఒక్కో లక్షణం. ఆ లక్షణమున్న కార్డుకు చిల్లును అంచుదాకా కత్తిరించి గాడి చేస్తారు. కార్డుల కట్టలో ఫలానా చిల్లులోంచి పొడుగాటి సూది దూర్చి ఎత్తితే, చిల్లు నిండుగా ఉన్నవి సూదికి వేలాడతాయి, గాడి ఉన్నవి బల్లమీద రాలతాయి. రాలినవాటిలో మళ్లీ ఇంకో సూది దూరిస్తే “ఇంకా”. వేలాడుతున్నవాటిలో ఇంకో సూది దూర్చి, రాలినవాటిని ముందు రాలినవాటితో కలిపితే “లేదా”. బూల్ బీజగణితం మొత్తం అల్లికసూదితో అయిపోతుంది. గ్రంథాలయాల్లో, పరిశోధకుల బల్లల మీద ఇవి చాలాకాలం నడిచాయి. ఒక కార్డు చేజారి బల్లకిందికి పోతే మాత్రం నిజంగానే పోయినట్టే. తెరమీది ఫిల్టర్‌కు ఆ గండం లేదు. దానికున్న గండాలు వేరే.

ఒకటి నేనే కొని తెచ్చుకున్నాను. మా బంధువుల మామిడి తోట లెక్కలు ఒక వేసవిలో నేను ఎక్సెల్‌లో రాశాను. తేదీ, రకం, తూకం, ధర, నున్న మార్కెట్‌కు వెళ్లిన బండి. సీజన్ చివర బంగినపల్లి ఎన్ని టన్నులు పోయిందని అడిగారు. రకం గడిలో ఫిల్టర్ పెట్టి బంగినపల్లి ఒక్కటే కనబడేట్టు చేసి, కింద ఉన్న మొత్తం చదివి చెప్పాను. ఆ మొత్తం సమ్ అనే సూత్రంతో రాసింది. సమ్‌కు ఫిల్టర్‌తో పనిలేదు. దాగిన వరసల్ని కూడా కలుపుకుంటుంది. నేను చెప్పిన అంకెలో రసాలూ కలెక్టరూ కూడా ఉన్నాయి. ఆ లెక్కన కొనుగోలుదారు మాకు బాకీ ఉన్నాడని ఆయనకు ఫోను కూడా చేశారు. తర్వాత జరిగిన సంభాషణ ఇక్కడ రాయను. కనబడేవాటిని మాత్రమే కూడే సూత్రం వేరే ఉంది, దాని పేరు సబ్‌టోటల్. నా కంటికి గంత కట్టాను గానీ లెక్కకు కట్టలేదు. అదీ తప్పు.

ఇంకో గండం గడి ఖాళీగా ఉండటం. డేటాబేసుల్లో ఖాళీ గడి “అవును” అనదు, “కాదు” అనదు. “తెలియదు” అంటుంది. రకం గడి రాయని బస్తా ఒకటుందనుకోండి. రకం బంగినపల్లి అయినవి చూపమంటే అది రాదు. సబబే. రకం బంగినపల్లి కానివి చూపమంటే అప్పుడూ రాదు! రెండు జాబితాలు కలిపినా మొత్తానికి సరిపోవు. ఎక్సెల్ ఈ విషయంలో ఉదారంగా ఉండి, కానివాటిలో ఖాళీలనూ చూపుతుంది. ఏ పనిముట్టుకు ఏ అలవాటుందో తెలుసుకోకుండా “మిగతావన్నీ” అన్న మాట వాడకూడదు. స్కైరిమ్‌లో ఆటగాడికి కనబడే పేరే లేని రికార్డులు కుప్పలుగా ఉన్నాయి. గదిలో పెట్టిన ప్రతి కుర్చీ, ప్రతి కొవ్వొత్తి ఒక రికార్డే, వాటికి సొంత పేర్లు పెట్టరు. పేరుతో ఫిల్టర్ పెట్టిన మరుక్షణం అవన్నీ చీకట్లోకి పోతాయి.

పేరు ఉన్నా దొరుకుతుందన్న హామీ లేదు. మా ఊరినే తీసుకోండి. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మొదటి టీ తర్వాత హెచ్ పెట్టేవాళ్లున్నారు, పెట్టనివాళ్లున్నారు, చివరి యూ మింగేసేవాళ్లున్నారు. ఒక్క రాతతో ఫిల్టర్ పెడితే ఊళ్లో కొంత భాగమే వస్తుంది. తెలుగులో రాస్తే ఈ బెడద తీరుతుందనుకుంటాం. బెజవాడ నుంచి మా ఊరొచ్చే దారిలో మైలవరం తగులుతుంది. అందులో “మై” చూడండి. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు విధాల రాయొచ్చు. 0సీ48 అనే ఒకే గుర్తుతో రాయొచ్చు. లేదా 0సీ46 అనే ఎత్వం, దానికింద 0సీ56 అనే ఐత్వపు తోక, రెండు గుర్తులతో రాయొచ్చు. తెరమీద రెండూ ఒకటే మైలవరం. అక్షరానికక్షరం పోల్చే ఫిల్టర్‌కు రెండూ రెండు ఊళ్లు. పోల్చే ముందు అన్నిటినీ ఒకే రూపంలోకి తెచ్చే పద్ధతిని యూనికోడ్‌వాళ్లు నిర్ణయించే ఉంచారు. వాడేవాళ్లు వాడతారు. వాడనివాళ్ల జాబితాల్లో మైలవరం సగమే ఉంటుంది.

ఇక కత్తి దగ్గరికి వద్దాం.

ప్రశ్నలు ఏ వరసలో అడగాలన్నది కూడా ఒక విద్య. మన దగ్గర పది లక్షల రికార్డులున్నాయనుకుందాం. నీ రకమేంటి అని అడగడం చవక, చీటీ చదివితే చాలు. నీ పేరులో ఇనుము ఉందా అనడం కాస్త ఖరీదు, లోపలికి చూడాలి. నువ్వు ఇంకో ఫైలులో రాతతో పేచీ పడుతున్నావా అనడం బాగా ఖరీదు. ఆ రికార్డుకున్న నకళ్లన్నీ తెచ్చి, గడికి గడి పోల్చాలి. మొదటే ఖరీదైన ప్రశ్న అడిగితే పది లక్షల సార్లు ఆ పని చెయ్యాలి. చవక ప్రశ్నతో ముందు ఆయుధాలు మాత్రమే నిలబెట్టి, వాటిలో ఇనుపవి నిలబెట్టి, వాటినే అడిగితే పని కొన్ని పదులకు దిగుతుంది. జవాబు మారదు. మారేది మీరు టీ తాగడానికి దొరికే సమయం. మావాడు తొందరపడి అన్ని రకాల మీదా పేచీల ఫిల్టర్ పెట్టాడు. నిమిషాలు గడిచాయి. ఈలోగా కరెంటు పోయింది. లాప్‌టాప్ బాటరీ పుణ్యాన పని ఆగలేదు.

చెట్టు తిరిగి వచ్చేసరికి చిక్కిపోయింది. ఆయుధాల కింద ఇనుప కత్తి. దానిమీద నొక్కితే కుడివైపు నిలువు గళ్లు: మూల ఫైలు, మొదటి మోడ్, రెండో మోడ్. ధర వరసలో 25, 25, 40. ఆ వరస పసుపు. మార్పు ఉంది, పేచీ లేదు. దెబ్బ వరసలో 7, 9, 7. ఆ వరస ఎరుపు. 9 ఓడిపోయింది, 7 గెలిచింది. బాబాయి ముట్టుకోని కందిపప్పు కళ్లకు కట్టినట్టు కనబడింది.

“అంటే ఆయన తెలియకుండా తగ్గించాడు!” అన్నాడు మావాడు.

తెలియకుండా రాసిన రాతలకు ఈ లోకంలో పెద్ద చరిత్రే ఉంది. ఎడిటర్‌లో ఒక వస్తువును తెరిచి, ఏమీ మార్చకుండా సరే నొక్కినా, దాని నకలు మోడ్‌లోకి వచ్చి కూర్చోవచ్చు. మూలానికి అచ్చు ఒకేలా ఉంటుంది గనక చూడ్డానికి హానిలేనిది. కానీ అది చివరగా ఎక్కితే మధ్యలో ఎవరో చేసిన మంచి మార్పును తుడిచేస్తుంది. బెథెస్డా సంస్థే విడుదల చేసిన అనుబంధ ఫైళ్లలో కూడా ఇలాంటివి దొరికాయి. వీటిని ఏరడానికి ఎక్స్‌ఎడిట్‌లో శుభ్రపరిచే ఫిల్టర్ వేరే ఉంది. తీసివేత ఆజ్ఞ ఇచ్చేముందు ఆ ఫిల్టర్ పెట్టాలి. ఫిల్టర్ పెట్టినప్పుడే ప్రతి రికార్డునూ దాని మూలంతో పోల్చిచూసే పని పూర్తవుతుంది. అంటే ఇక్కడ ఫిల్టర్ ఉత్త చూపు కాదు, తనిఖీ కూడా. ఇంతకుముందు గంత అన్నాను కదా, ఈ ఒక్క చోట దానికి కాస్త గౌరవం ఇవ్వాలి.

ఆ గౌరవానికీ గడువుంది. ఫిల్టర్ పెట్టిన క్షణంలో వచ్చిన జవాబులే తెరమీద ఉంటాయి. ఆ తర్వాత మీరొక గడి మార్చినా జాబితా తనంతట తాను మారదు. మళ్లీ అడగాలి. ఎక్సెల్‌లోనూ అంతే. పొద్దున తీసిన ఓటర్ల జాబితా కట్టతో సాయంత్రం ఇంటింటికీ తిరిగినట్టుంటుంది, మళ్లీ అడక్కపోతే.

ఆటలో గదుల రికార్డుల గురించి ఒక చిన్న ముచ్చట చెప్పి ముందుకెళ్తాను. ఇళ్లలోపలి గదులన్నిటినీ ఒకే గుట్టగా పొయ్యకుండా, ఫారమ్ ఐడీని మన మామూలు పదంకెల లెక్కలోకి మార్చి, చివరి అంకెను బట్టి పది బుట్టల్లో వేశారు. ఒక్కో బుట్టలో, చివరి నుంచి రెండో అంకెను బట్టి మళ్లీ పది చిన్న బుట్టలు. మొత్తం వంద. ఏ గదినైనా వెతకాలంటే వందో వంతు చూస్తే చాలు. యంత్రానికి ఇది వరం. మనిషికి శాపం, ఎందుకంటే ఒకే ఊళ్లో పక్కపక్క ఇళ్లు వేర్వేరు బుట్టల్లో పడతాయి. అందుకే ఫిల్టర్ ఫారంలో ఆ బుట్టల్ని చదును చేసి అన్నీ ఒకే వరసలో చూపమనే టిక్కు ఒకటుంటుంది. యంత్రం సర్దుకున్న తీరు ఒకటి, మనిషి అడిగే తీరు ఇంకొకటి.

కత్తికి వైద్యం సులువు. రెండు మోడ్‌ల రచయితల్లో ఎవరి ఫైలునూ ముట్టుకోకుండా మూడో ఫైలు ఒకటి తయారు చేయించాను. ఇనుప కత్తి రికార్డును అందులోకి నకలు తీసి, మొదటి మోడ్ నుంచి దెబ్బ 9, రెండో మోడ్ నుంచి ధర 40 తెచ్చి పెట్టాడు. బరువు 9 ఎలాగూ అందరిదీ ఒకటే. ఆ ఫైలును అన్నిటికంటే చివర ఎక్కించమన్నాను. చీటీ కలిపి రాసి కొట్టుకు పంపడమే.

మర్నాడు పొద్దున్నే గదిముందు మళ్లీ ప్రత్యక్షమయ్యాడు. ఈసారి మొహం పాలిపోయి ఉంది.

“మావయ్యా, రాత్రి ఏం నొక్కానో ఏమో. ఆట మొత్తం పోయింది. ఒక్క కత్తే మిగిలింది.”

చూశాను. ఎక్స్‌ఎడిట్‌ను మూయకుండా లాప్‌టాప్ అలాగే మడిచి పడుకున్నట్టున్నాడు. చెట్టులో ఒక కొమ్మ, కొమ్మకు ఒక కత్తి. నేనేం మాట్లాడకుండా ఫిల్టర్ తీసేసే ఆజ్ఞ చూపించాను. నొక్కాడు. మూల ఫైలు కింద ఊళ్లూ కోటలూ కుర్చీలూ కొవ్వొత్తులూ ఎక్కడివక్కడే ఉన్నాయి. అన్నిటికంటే కింద, వాడు రాసిన ఫైలు ఉంది. దాన్ని విప్పితే లోపలున్నది ఒకే ఒక్క రికార్డు.